కొట్టు అంటే ఏమిటని అడిగారు

మడివాళ, బెంగళూరు.

అత్త గంగమ్మకు, నీ తమ్ముడి కూతురూ నీ కోడలూ అయిన లక్ష్మీదేవి నమస్కారం పెట్టి రాసేది. ఇక్కడ నా ఒంటికి ఏమీ కాలేదు. తింటున్నాను, పనికి పోతున్నాను. నీ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది? మామ దగ్గు తగ్గిందా? కదిరిలో ఎండలు ముదిరాయంటున్నారు. మధ్యాహ్నం పూట అంగడి మూసి కాసేపు నడుం వాల్చు. ఆ రేకుల కింద, ఎండుమిరపకాయల బస్తాల మధ్య కూర్చుంటే మనిషివి ఏమైపోతావు?

నేను ఫోన్ చేస్తే ఎత్తీ ఎత్తగానే ‘నా కొడుకును జైల్లో ఏయించిన దానివి’ అని తిట్టి పెట్టేస్తున్నావు. తిట్టు, కానీ విను. ఈ కాగితాన్ని చించినా ఇంకొకటి రాసి పంపిస్తాను. నేను నీ చేతుల్లో పెరిగినదాన్నే కదా, ఈ మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో నీకు తెలియదా? మా టూరు మేనేజరు మంజన్న నీకు ఫోన్ చేసి చెప్పింది సగమే. మిగతా సగం నేను చెబుతాను.

మా పని నీకు తెలుసు. టూరు కంపెనీ జనాన్ని ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి నేనూ బావా వెళ్ళి వండి పెట్టాలి. ఎంత దూరం పోయినా ఆ జనానికి మన చిత్రాన్నం, మన చారు కావాలి. ఈసారి అండమాన్‌లో పోర్ట్ బ్లేర్ అన్నారు. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ పిల్లల అమ్మానాన్నలు, చిక్కపేట బట్టల వ్యాపారులు, వాళ్ళ ఆడవాళ్ళు. విమానం ఎక్కడం నాకూ బావకూ అదే మొదటిసారి. లేచేటప్పుడు నీ కొడుకు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడో! దిగాక మాత్రం ‘నీకు భయం అని పట్టుకున్యా లే’ అన్నాడు.

ఊరు బాగుంటుంది అత్తా, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఎటు తిరిగినా సముద్రమే. నీళ్ళు ఒడ్డున పచ్చగా, లోపల నీలంగా ఉంటాయి. పాత జైలు చూపించారు. అడుగున అద్దం ఉన్న పడవలో కూర్చోబెట్టి నీళ్ళ కింద చేపలు చూపించారు. ఒక పెద్దామె వాటిని చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఆ జైలు చూసేటప్పుడు బావ ‘ఈ గదుల్లో మనిషి ఎట్లుండినాడప్పా’ అని తల లోపలికి పెట్టి చూశాడు. ఇప్పుడు తనే అట్లాంటి గదిలో ఉన్నాడు.

మూడో రోజు పొద్దున ఎదురుగా ఉన్న చిన్న దీవికి పడవలో పోవాలి. పడవ ఆలస్యం. జనం ఆకలి ఆకలి అని గోల పెడితే, జెట్టీ పక్కనే ఉప్మా చేద్దామని స్టవ్ దించాం. సముద్రపు గాలికి మంట నిలవడం లేదు. బావ స్టవ్‌ను ఒక చిన్న అంగడి వెనకకు జరిపాడు. శంఖాలు, గవ్వలు, ముత్యాల దండలు, కొబ్బరిబోండాలు అమ్మే అంగడి అది. కర్రలూ తాటాకులూ, పైన నీలం పట్టా. అంగడి అతను వచ్చాడు. పేరు అప్పలరాజు, అదంతా తర్వాత తెలిసింది. వాళ్ళ నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డాడట. మా మాట విని తెలుగులోనే మాట్లాడాడు.

“ఇక్కడొద్దు బావూ. గాలేత్తంది. పట్టా అంటుకుంటాది. అవతలకెట్టుకోండి.”

మర్యాదగానే చెప్పాడు. నీ కొడుకు ఊరుకుంటాడా? “రవ్వంత సేపే గదప్పా! నీ సొమ్మేమన్నా తింటా ఉండామా?” అన్నాడు. అతనూ ఒక మాట అన్నాడు. బావ రొమ్ము విరుచుకుని మీదికి పోయాడు. నేను మధ్యలో పడి ఇద్దరినీ తోశాను. అతను విసురుగా నీళ్ళ దగ్గరికి, పడవలవాళ్ళ వైపు నడిచిపోయాడు. బావ గొణుగుతూ, అంగడికి వీపు తిప్పి, ఇనుప గరిటె తీసుకుని పోపు కలపసాగాడు. నేను పొయ్యికి వీపు పెట్టి ప్లేట్లు తుడుస్తున్నాను.

ఇంతలో అరుపు. తల ఎత్తితే అప్పలరాజు మా వైపే పరుగెత్తి వస్తున్నాడు. వెనక పడవలవాళ్ళు, చేతుల్లో తెడ్లు. “కొట్టు! కొట్టు! కొట్టూ!” అని గొంతు చించుకుంటున్నాడు.

నువ్వే చెప్పు అత్తా, నువ్వుంటే ఏమనుకుంటావు? ఇప్పుడే గొడవపడి పోయిన మనిషి, నలుగురిని వెంటేసుకుని, కొట్టు కొట్టు అంటూ వస్తే? బావ ఒక్క క్షణం ఆగలేదు. ఎదురు పోయి ఆ ఇనుప గరిటె తిప్పి నెత్తిన కొట్టాడు. టెంకాయ పగిలిన చప్పుడైంది. అతను పడలేదు, నిలబడే ఉన్నాడు, అంగడి వైపు చెయ్యి చాపి ఇంకా ఏదో అనబోయాడు. బావ మళ్ళీ కొట్టాడు. అప్పుడు మోకాళ్ళ మీద పడ్డాడు. నెత్తురు కళ్ళలోకి, నోట్లోకి కారింది.

పడవలవాళ్ళు తెడ్లతో బావ మీద పడ్డారు. పక్కటెముకల మీద, మూతి మీద. ముందరి పన్ను ఒకటి ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. చిక్కపేట వ్యాపారి ఒకాయన, ఎప్పుడూ జపమాల వదలని మనిషి, గొడుగు మొనతో ఒకడి చెంప చీరేశాడు. నేను మాత్రం ఊరుకున్నానా? ఉప్మాకు మరిగించి నా పక్కనే దించిపెట్టిన ఎసరు గిన్నెతో ఎత్తి ఒకడి కాళ్ళ మీద కుమ్మరించాను. వాడు కేక పెట్టి ఇసుకలో పొర్లాడాడు. చర్మం పొరలా ఊడి వచ్చింది. ఆ క్షణంలో నాకు జాలి కలగలేదత్తా. చావనీ అనుకున్నాను.

అప్పుడు వీపుకు సెగ తగిలింది. తిరిగి చూస్తే అంగడి భగభగ మండుతోంది. మా స్టవ్ మంటే పట్టాకు అంటుకుని పైకి పాకింది. పడవలవాళ్ళ వెనక ఇసుకలో బకెట్లు దొర్లుతున్నాయి. నీళ్ళు తెచ్చారు వాళ్ళు. మేము తెడ్లు చూశాం గానీ బకెట్లు చూడలేదు.

పోలీసులు వచ్చేలోపు అప్పలరాజు పెళ్ళాం వచ్చింది. పైడమ్మ అని కొత్త పెళ్ళికూతురు, మొన్నమొన్న శ్రీకాకుళం నుంచి వచ్చిన పిల్ల. మొగుణ్ణి చూసింది, మంట చూసింది, రొమ్ము బాదుకుంది. “ఓలమ్మా! మా కొట్టు కాలిపోనాదే! మా కొట్టు!”

అప్పుడు అర్థమైంది నాకు. వాళ్ళ వైపు అంగడిని కొట్టు అంటారు. సినిమాల్లో కిళ్ళీకొట్టు అని వినలేదా అని అడుగుతావు. విన్నాను. తెడ్లు పట్టుకుని మనుషులు మీదికి వస్తుంటే ఎవరికి గుర్తొస్తుంది అత్తా?

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరు హిందీ మనిషి. తెలుగు వచ్చిన కానిస్టేబుల్ సెలవులో ఉన్నాడు. అప్పలరాజుకు స్పృహ లేదు, ఆసుపత్రిలో తలకు ఆపరేషన్ చేస్తున్నారు. పడవలవాళ్ళకు తెలుగు రాదు, మంట చూసి పరుగెత్తాం, అతను ఏదో అరిచాడు అన్నారు. తెడ్లతో కొట్టినవాళ్ళ మాట ఎట్లా నమ్మేది అన్నాడు ఇన్‌స్పెక్టరు. పైడమ్మకు హిందీ రాదు. పీజీల్లో వండి వండి నాకు హిందీ వచ్చింది కదా, నన్ను చెప్పమన్నారు. పైడమ్మ ఏడుస్తూనే చెప్పింది.

“మా ఆయన కొట్టు, కొట్టు అని అరిసినాడట. అందరూ అదే సెప్తన్నారు. అంతేనమ్మా, ఇంకేటీ అన్నేదు.”

బావ మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని నా వైపు చూశాడు. “ఇన్నావా? ఆ యమ్మే చెప్తా ఉండాది. కొట్టమన్నాడు, నా చెవులతో ఇన్యా.”

మంజన్న నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. “చూడమ్మా, కొట్టు అంటే హిందీలో మారో అని చెప్పేసెయ్. అబద్ధం యాడుండాది దాంట్లో? వాడు మందిని పిల్చుకొని కొట్టేదానికి వచ్చినాడు, మనోడు అడ్డం పెట్టినాడు. సాయంత్రానికి అందురూ బయట ఉంటాము. సుమ్నే, ఊరికే ఒక మాటమ్మా.”

ఇన్‌స్పెక్టరు కలం పట్టుకుని, కొట్టు అంటే ఏమిటని అడిగాడు.

అత్తా, నాకు ఆ ఒక్క మాట నోట్లో ఉంది. మారో అంటే నీ కొడుకు నాతో ఇంటికి వస్తాడు. తల పగిలి పడి ఉన్నవాడి మీద కేసు రాస్తారు. ఆ పిల్ల నా నోటి వైపే చూస్తోంది, ఏమీ అర్థం కాక, నన్ను నమ్మి. తన భాష మాట్లాడేదాన్ని కదా నేను!

ముందు బావకు చెప్పాను. “బావా, కొట్టు అంటే వాళ్ళ మాటలో అంగడి. అంగడి కాల్తా ఉందని అరిచినాడు.” తర్వాత ఇన్‌స్పెక్టరుకు చెప్పాను, “దుకాన్” అని.

మంజన్న నెత్తి కొట్టుకున్నాడు. బావ తన చేతులు తనే చూసుకున్నాడు. ఎసరు పోసింది నేనేనని కూడా చెప్పాను. నా మీదా కేసు ఉంది, పూచీ మీద వదిలారు.

పైడమ్మ నన్ను మెచ్చుకుంటుందనుకోకు. ఆసుపత్రికి అన్నం క్యారియరు తీసుకుపోతే నా మొహాన విసిరికొట్టింది. “నీ మొగుడి సేతులు పడిపోనూ” అంది. నా కనుబొమ దగ్గర ఇప్పటికీ మచ్చ ఉంది. ఆమె తప్పు లేదు.

బయలుదేరేముందు బావను చూడనిచ్చారు. కటకటాల్లోంచి అడిగాడు, “రెండో దెబ్బ యాల కొట్టినాన్నే? వాడు చెయ్యి చాపి చూపిస్తా ఉన్నాడే, నేను చూడలేదే.” నుదురు కమ్ముల కేసి బాదుకున్నాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను, నా చేతి మీద బాదుకున్నాడు. చివరికి “మా యమ్మకు నువ్వే చెప్పు. ఇంగెవురన్నా చెప్తే నిన్ను సంపుతాది” అన్నాడు. మంజన్న ముందే చెప్పేశాడు, ఏం చేసేది?

మంజన్న నన్ను పనిలోంచి తీసేశాడు. ఇప్పుడు మడివాళలో ఆడపిల్లల పీజీలో వండుతున్నాను. మొన్న మార్కెట్‌లో కూరగాయలామె సంచి ఇచ్చి, రేపు ‘చీల కొట్టు హోగమ్మా’ అంది, సంచి ఇచ్చిపో అని కన్నడంలో. ఇన్నేళ్ళుగా వింటున్న మాటే. ఆ రోజు మాత్రం వంకాయలు కింద పడేసి, ఆ గుట్ట పక్కనే కూర్చుని ఏడ్చాను.

నిన్న వకీలు ఫోన్ చేశాడు. అప్పలరాజు కళ్ళు తెరిచాడట, పైడమ్మను గుర్తుపట్టాడట. కుడి చెయ్యి ఇంకా లేవడం లేదు. వాయిదాకు నేను మళ్ళీ పోతున్నాను. బావ నీ చేతి ఊరుబిండి పచ్చడి అడిగాడు. దంచి పంపిస్తావా? పంపడం ఎందుకు, నువ్వే తీసుకురా. నాతో రా. నీ కొడుకును చూద్దువు, ఆ పిల్లనూ చూద్దువు.

మామకు నా నమస్కారాలు. నన్ను దీవించమని అడగడానికి నోరు రావడం లేదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. నువ్వు బోరింగు దగ్గర ఉండగా నీ అంగడికి నిప్పంటుకుందనుకో. బిందె పారేసి పరుగెత్తుతూ ఏమని అరుస్తావు? అంగడి, అంగడి అనే కదా? ఆ అరుపుకు ఎవడో నీ తల పగలగొడితే, వాడి పెళ్ళాం స్టేషన్‌లో ఏం చెప్పాలి అత్తా?

అది ఆలోచించుకుని ఫోన్ చెయ్యి. తిట్టడానికైనా సరే, చెయ్యి.

నీ తమ్ముడి కూతురు,
లక్ష్మీదేవి