తెల్లగుడ్డకు తెలియనిది

మల్కాపురం,
మంగళవారం.

అబ్బాకు సలాం. నేను బాగానే ఉన్నాను, నా భయమంతా మన పెరట్లో రంగుల తొట్టి గురించే.

మా డైయింగ్ యూనిట్‌లో వాడేసిన రంగునీళ్లకు, రంగు విరగడానికి పెరాక్సైడ్ మందు కలిపి అల్ట్రావయొలెట్ లైట్ల కింద తిప్పుతామని చెప్పాను కదా. నిన్న రంగు పోయిందో లేదోనని, మీరు నేర్పినట్టే తెల్లగుడ్డ ముంచి చూశాను. మరక అంటలేదు. నీళ్లు శుభ్రమైపోయాయనుకుని కాలవ గేటు తిప్పబోతే, నాతో పనిచేసే వరహాలు చెయ్యి పట్టుకుని ఆపాడు. వాళ్లది సముద్రం మీద వేటకెళ్లే ఇల్లు. ఆ నీళ్లు బకెట్‌తో తీసి నాలుగు చేపపిల్లల్ని వేశాడు. గంటలో నాలుగూ తేలిపోయాయి. "గుడ్డకేటి తెలుస్తాది బావా? సేపనడగాల గానీ!" అన్నాడు. రంగును విరిచిన మందు ఆ నీళ్లలో ఇంకా మిగిలే ఉందట.

పోయిన నెల నేనే కదా ఆ మందు డబ్బా తెచ్చి, "ఇది తొట్టి నీళ్లలో కలిపి ఎండలో పెట్టండి, గుడ్డకు రంగు అంటకపోతే ఆ నీళ్లు మేకకు కూడా పెట్టొచ్చు" అన్నాను! తప్పు చెప్పాను అబ్బా. ఆ నీళ్లు మేకకు పెట్టకండి, బావి వైపు పారబోయకండి. డబ్బా చెల్లి నర్గీస్ చేతికి అందకుండా తాళం వేయండి. అమ్మీ మోకాలి నొప్పి తగ్గిందా?

ఇవాళ ఫోన్‌లో చెప్తే "సరే సరే, అంతా ఖైరియత్, బాగానే ఉన్నాం" అని పెట్టేశారు. అందుకే ఈ కార్డు. తొట్టి పైన గోడకు అంటించండి. అమ్మీకి సలాం, నర్గీస్‌కు దువా.

మేక మేత తింటోందా? నిజం రాయండి.

మీ నవీద్