రాజలింగు కాక చెవి

మంగళవారం, రాత్రి

ఈ రోజు కమాన్‌పూర్ వెళ్లి రాజలింగు కాకకు ఆ సంగతి చెప్పేశాను. వినికిడి మరీ తగ్గింది. రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

బొగ్గుగనిలో పైకప్పును కర్రతో తట్టి, ఖంగుమంటే పదమని, డొల్లగా మోగితే ఆగమని మనుషులకు చెప్పిన సర్దార్ ఆయన. రిటైరయ్యే ముందు "నా చెవులు పోతున్నయి బిడ్డా, జల్ది నీ కంప్యూటర్‌కు నేర్పు" అన్నాడు. ఆయన తట్టిన చప్పుళ్లన్నీ రికార్డు చేసి రెండేళ్లు నేర్పాను. తీరా పరికరంలో పెట్టే వేళకి, చప్పుడును బట్టి రాయి వదులైందో లేదో తేల్చే ప్రోగ్రామ్‌పై పేటెంట్ తమదంటూ ఒక విదేశీ కంపెనీ ఉత్తరం పంపింది. పరికరం తయారు చేస్తామన్నవాళ్లు తప్పుకున్నారు. కనీసం పరిశోధన సాగనివ్వమంటే మా కాలేజీ ప్రిన్సిపాల్ "లాయర్లతో మనకెందుకమ్మా" అన్నారు. స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ ఆ ఊసెత్తరు.

"వాళ్లకంటే ముందుగాల మా తాతలు కొట్టి విన్నరు గదా?" అన్నాడు కాక.

"అది ఎక్కడా రాసి లేదు కాకా."

"బొగ్గుబాయిల పైకప్పు కింద నిలబడి ఎవరు రాసుకుంటరు బిడ్డా?" చెవి మీద చెయ్యి పెట్టి అడిగాడు. "అయితే నా చెవి ఇప్పుడు ఎవలది?"

నాకు వినపడలేదనుకుని మళ్లీ గట్టిగా అడిగాడు.

ఇప్పుడు క్వార్టర్లో ఆ రికార్డింగులే వింటున్నాను. ప్రతి దెబ్బ తర్వాతా కాక ఊపిరి బిగబడతాడు. ఆ తర్వాత వెనకున్న వాళ్లకు "నడువుండ్రి" అంటాడు. ఈ రాత్రి ఆయన వెనక నేనొక్కదాన్నే ఉన్నాను.