పడవ ఒడ్డుకు చేరిందా

ఏలూరు, 2009 ఆగస్టు, శనివారం

ఇంటర్నెట్‌లో నేను కథలు చదివే పాడ్‌కాస్ట్‌ను వేలమంది వింటున్నారని తోటి మాస్టారు ఆనందరావు ఇన్నాళ్లూ నమ్మించాడు. ఈ వారం కొల్లేటి కథ పొరపాటున సగమే ఎక్కింది. తుఫానులో పడవ ఊగుతుండగా ఆగిపోయింది. ఆ వేలమందిలో ఒక్కరూ అడగలేదు. గుండుగొలను నుంచి రిటైర్డ్ నర్సు మరియమ్మగారు మాత్రం ఫోన్ చేశారు. "ఏవండీ మాస్టారూ, పడవ ఒడ్డుకు చేరిందాండీ?"

సాయంత్రం నిలదీస్తే ఆనందరావు నవ్వాడు. "ప్రచారం చేసేవాళ్లు శ్రోతల లెక్కకు దొంగ అంకె వేస్తారండీ. అది చూసే జనం వస్తారు. మీదంతా చాదస్తం."

ఇద్దరం ఒకే స్టాఫ్‌రూములో ముసలివాళ్లమయ్యాం. కథను ఇంటర్నెట్‌లో పెట్టింది అతనే. సగమే ఉందని నేను చెప్పేదాకా అతనికీ తెలియదు. అంటే అతనూ నా కథ వినలేదు. దొంగ అంకెకన్నా ఇదే...

రేపు మరియమ్మగారికి మిగతా కథ ఫోన్‌లో చదువుతాను. ఇక ఆవిడ చెబితే వచ్చేవాళ్లే నా శ్రోతలు. ఆనందరావు అడిగితే మాత్రం పడవ మునిగిందంటాను.