చేపముల్లు అల్లిక

తడ,
నవంబరు 10

ప్రియమైన అమ్మకు,

ఫోనులో నా మాట నీకు సరిగా వినపడటం లేదు, అందుకే ఈ జాబు. నేను బాగున్నా.

ఈసారి క్రిస్మస్‌కి బూట్ల ఫ్యాక్టరీలో మా లైనులో ముప్పై మందికీ కానుకలు కొనే పని నాకు అప్పగించినారు. సూపర్‌వైజర్ ఆనందకుమారి అక్క ఒకటే చెప్పింది. "ఆన్‌లైన్‌లో వద్దు అబీ. మన పక్క అంగళ్ళలోనే కొను. చేసినోళ్ళ పేరు తెలియాల, వాళ్ళకి న్యాయంగా డబ్బు ముట్టి ఉండాల." మేము కుట్టే బూట్ల మీద మా పేర్లు ఉండవు గదా, అందరికీ ఆ మాట నచ్చింది.

నిన్న నెల్లూరులో ఒక పెద్ద అంగడికి పోయినా. అద్దాల బీరువాలో తాటాకు పెట్టె, మూత మీద చేపముల్లు మాదిరి అల్లిక. చూడగానే గుర్తుపట్టినా. అది నీ అల్లికే. "ఇది ఎవరు చేసినారు?" అని ఓనరు నరేంద్రబాబును అడిగినా. "మా వర్క్‌షాపులోనే" అన్నాడు. ఏమీ కొనకుండా వచ్చేసినా.

నిజం చెప్పమ్మా. మన వీధికి వచ్చే వ్యాను ఈయనదేనా?

నీ బిడ్డ,
అబిగయీలు


కోట,
నవంబరు 14

నా బిడ్డ అబిగయీలుకు అమ్మ దీవించి రాసేది.

ఆ వ్యాను ఆయనదే. నెలకోసారి వస్తాది, పెట్టెలు ఎత్తుకోని పోతాది, వాళ్ళు ఇచ్చిందే మేము తీసుకుంటాం. తొమ్మిది మంది ఆడోళ్ళం దాన్నే నమ్ముకోని ఉండాం. నువ్వు పోయి ఆయన్ని నిలదీస్తే వ్యాను రావడం మానేస్తాది. నాకు పేరు లేకపోతే ఏమి?

కానుకలు ఇంకో అంగట్లో కొనుక్కో. చేపముల్లు సంగతి మాత్రం ఎవరి దగ్గరా ఎత్తొద్దు. వేళకి తిను.

మీ అమ్మ,
రెబెక్కమ్మ


తడ,
నవంబరు 19

ప్రియమైన అమ్మకు,

నన్ను క్షమించు. ఎత్తినాను.

ఆదివారం ఆనందకుమారి అక్కను వెంటబెట్టుకోని మళ్ళీ పోయినా. గొడవేమీ పడలేదు. "మాకు ముప్పై పెట్టెలు కావాలండీ. ఒక్కోదానికి చేసిన మనిషి పేరు, ఊరు రాసిన చీటీ కట్టాల. ధర వాళ్ళు చెప్పిందే ఇవ్వాల" అన్నాం.

"లేదంటే?" అన్నాడు.

"ఎదురు అంగట్లో ఉదయగిరి చెక్క గరిటెలు ఉన్నాయి, చెక్కినాయన పేరుతో సహా. అవి కొనుక్కుంటాం" అన్నది అక్క.

ఆయన బీరువా తెరిచి పెట్టె బయటికి తీసినాడు. తర్వాత నా వైపు చూసి, "మా వర్క్‌షాపులో చేసింది కాదని నీకెట్ల తెలుసమ్మా?" అన్నాడు.

"మూత మీద ఉండేది మా అమ్మ అల్లిక" అన్నా. ఇంత గర్వంగా నేను ఇంకే మాటా చెప్పి ఉండను.

శనివారం ఆయనే మన వీధికి వస్తాడు. భయపడొద్దు, ధర గట్టిగా చెప్పండి. చీటీ మీద నీ పేరు పెద్దగా రాయించు. మా లైనంతా నీ గురించే మాట్లాడుకుంటా ఉన్నారు.

నీ బిడ్డ,
అబిగయీలు


కోట,
నవంబరు 23

నా బిడ్డ అబిగయీలుకు అమ్మ దీవెనలు.

ఆయన వచ్చినాడు. మన అరుగు మీదే కూర్చోబెట్టి ధర చెప్పినాం. కాసేపు బేరమాడినాడు, మేము దిగలేదు, ఒప్పుకున్నాడు. ఆనక చీటీలు తీసి, "ఈ చేపముల్లు అల్లిక రెబెక్కమ్మగారిదే గదా, రాసేదా?" అన్నాడు. అందరూ అవునన్నారు. నేను ఆయన చేతిలో పెన్ను పట్టుకోని ఆపినా.

అబీ, ఆ అల్లిక నాది కాదు. వీధి చివర పెంచలమ్మది. పన్నెండేళ్ళ కిందట ఆమే నాకు నేర్పించి, కాన్పుకి పుట్టింటికి పోయింది. అప్పుడే వ్యాను మొదటిసారి వచ్చింది. నేను అల్లి చూపించినా. అందరూ రెబెక్కమ్మ అల్లిక అన్నారు, నేను ఊరుకున్నా. ఆమె తిరిగొచ్చినాక కూడా ఊరుకున్నా. ఆమె ఒక్క మాట అడగలేదు. మాతో కూర్చోవడం మాత్రం మానేసింది. నిన్ను ఎత్తొద్దన్నది అందుకే.

అంత దూరంలో ఉండి ఎవరి పేరు ఎవరు తీసుకున్నారని నువ్వు అడిగితివి. నేను నోరు మూసుకోని కూర్చుంటే ఎట్ల? అందరి ముందరా చెప్పేసినా. ఆయన్ని వెంటబెట్టుకోని పెంచలమ్మ ఇంటికి పోయి, ఆమె ముందర మళ్ళీ చెప్పినా.

ఆమె చేతిలో పని పక్కన పెట్టింది. "ఇన్నాళ్ళకా రెబెక్కా?" అని చాప పరిచింది.

అల్లిక పెంచలమ్మది అని నా చేత్తోనే చీటీ రాసినా. ఆమెకి చదువు రాదు గదా, చదివి వినిపించినా. "మళ్ళీ చదువు" అన్నది. మూడుసార్లు చదివినా. ముప్పై పెట్టెల మీదా ఆమె పేరు ముందు ఉంటాది, అల్లినవాళ్ళ పేరు కింద.

మీ లైనులో అందరికీ ఈ నిజం చెప్పు. నువ్వు తల దించుకోబాక. నేను దించుకోలేదు. నిన్ను కన్నందుకు నాకు గర్వంగా ఉంది.

ఈ పొద్దుటి నుంచి పెంచలమ్మ మాతో కూర్చుంటా ఉంది. నా అల్లిక వదులుగా ఉందంట, రెండు మూతలు విప్పించి మళ్ళీ అల్లించింది.

మీ అమ్మ,
రెబెక్కమ్మ