మోకాలికి వేరే పుస్తకం

16-6-2024, ఆదివారం, సాయంత్రం 6 గంటలు

డాక్టరు ఎప్పుడెప్పుడు నొప్పి అని అడిగితే, అప్పుడప్పుడు అని చెప్పడం నాకు సిగ్గు. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. అందుకే ఈ పుస్తకం. మూడు గడులు గీశాను. ఏం తిన్నాను, నొప్పికి పదికి ఎన్ని మార్కులు, కారణం ఏమిటి.

ఉగాది నుంచి గుర్తున్నవన్నీ వెనక్కి వెళ్లి రాశాను. పది ఆదివారాలు. సాలూరు లారీ ఆఫీసు నుంచి మా అబ్బాయి గిరిబాబు వారానికి ఆ ఒక్కరోజే ఇంటికొస్తాడు. కోడలు పద్మకుమారి చేపల పులుసు వండుతుంది. నాలుగింటికల్లా నా పొట్ట పైభాగాన నిప్పు పెట్టినట్టు మంట. పది గడుల్లోనూ కారణం ఒకటే రాశాను: పద్మకుమారి కారం.

ఈ రోజు ఏడు మార్కులు.

17-6, సోమవారం

కారం డబ్బా నా బీరువాలో పెట్టి తాళం వేశాను. పులుసు బంద్.

23-6, ఆదివారం

పెసరపప్పు, బీరకాయ, మజ్జిగ. అయినా నొప్పి ఎనిమిది.

పచ్చిమిరపకాయ ఏమైనా చాటుగా వేశావా అని అడిగాను. కారం డబ్బా మీ బీరువాలో ఉన్నాది, తాళం మీ కొంగుకున్నాది, ఇంక నాను పప్పులో ఏటెయ్యాల అత్తా అంది పద్మకుమారి. ఈ ఇంట్లో ఆదివారం వస్తాది గానీ పులుసు రాదు అని గిరిబాబు కంచంలోకి చూస్తూ గొణిగాడు. కారణం గడిలో మళ్లీ అదే రాశాను.

26-6, బుధవారం

పద్మకుమారీ నేనూ విజయనగరం ఆసుపత్రికి వెళ్లాం. గొంతులోంచి గొట్టం దింపి చూశారు. డాక్టరమ్మ శైలజ చెయ్యి నలిగిపోయేలా పట్టుకున్నాను. కడుపులో పుండు ఉందట. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. పుండు మానడానికి మాత్రలు రాసింది. పెయిన్ కిల్లర్స్ వాడతారా అని అడిగింది. లేదన్నాను. నేను అబద్ధం చెప్పను.

మా అక్క లక్ష్మణమ్మకీ ముందు గేస్ అన్నారు. తర్వాత పుండన్నారు. ఆ తర్వాత కేన్సరన్నారు. ఆర్నెల్లు కూడా లేదు. ఆ ముక్కలో ఏం తేలుతుందో. నా భయం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

30-6, ఆదివారం

పప్పన్నం. నొప్పి ఏడు. కారణం అదే. రిపోర్టు రాలేదు.

4-7, గురువారం, మధ్యాహ్నం 2 గంటలు

రిపోర్టు వచ్చింది. కేన్సర్ కాదు. ఉత్త పుండు.

పుండు అన్న మాటకి సంతోషించే రోజు వస్తుందనుకోలేదు. విజయనగరం నుంచి తిరిగొచ్చే బస్సులో కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. పక్కన కూర్చున్న పద్మకుమారి చూసి, ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. నా పరువు కాపాడింది.

పుండు తెచ్చే క్రిమి కూడా లేదట. మరి ఎలా వచ్చిందో తెలియకపోతే మానినా మళ్లీ వస్తుంది అంది డాక్టరమ్మ.

5-7, శుక్రవారం

ఎచ్చెర్లలో చదువుతున్న మనవరాలు హర్షిత వచ్చింది. రిపోర్టు చూస్తానంటే బీరువా తాళం ఇచ్చాను. కారం డబ్బా వెనక ఇంకో పుస్తకం చూసింది. అది మోకాలి పుస్తకం. ఉగాది నుంచి ప్రతి శనివారం రామతీర్థం కొండ ఎక్కుతున్నాను. ఎక్కేముందు ఒకటి, దిగాక ఒకటి, మందుల షాపు కూర్మయ్య ఇచ్చే మోకాలి బిళ్ళ. శనివారం నాకు ఉపవాసం. బిళ్ళ తిండి కాదు కదా, ఉపవాసం చెడదు. దాన్ని పెయిన్ కిల్లర్ అని నేనెన్నడూ అనుకోలేదు. మోకాలి బిళ్ళే.

హర్షిత రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టింది. శనివారం బిళ్ళ, ఆదివారం మంట. ఒక్క వారం తప్పలేదు. ఒక మనిషికి రెండు పుస్తకాలేటి మామ్మా, నీ మోకాలేటి వేరే ఊర్లో ఉందా అంది.

పద్మకుమారి గుమ్మంలోనే నిలబడి ఉంది. నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

డాక్టరమ్మకి ఫోన్ చేశాం. ఇదే కారణమంది. ఖాళీ కడుపున అయితే మరీ చేటట. ప్రాణం తేలికపడింది. తల మాత్రం ఎత్తలేకపోయాను.

6-7, శనివారం

ఇడ్లీ తిని, ఇంట్లోంచే కొండకి దండం పెట్టుకున్నాను. రాముడు ఏమీ అనుకున్నట్టు లేదు.

7-7, ఆదివారం

నొప్పి రెండు.

ఎర్ర పెన్ను తీశాను. పన్నెండు గడుల్లో పద్మకుమారి కారం అన్నది కొట్టేసి, నా బిళ్ళ అని రాశాను. పుస్తకం తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాను. ఇంతకన్నా తప్పు ఒప్పుకోవడం నాకు రాదు. ఆమె పన్నెండూ చదివింది. ఇన్నాళ్లూ పిల్లోళ్ల తప్పులే దిద్దినారు, ఇప్పటికి మీ లెక్క మీరు దిద్దినారా అత్తా అంది. అప్పుడు నవ్వింది.

13-7, శనివారం

నొప్పి సున్నా. ఇక జరగవలసినవి:

1. పుండు మాత్ర పరగడుపున. అరగంట తర్వాతే టిఫిన్. ఎనిమిది వారాలు, ఒక్కరోజు మానకుండా.
2. మోకాలి బిళ్ళలు కూర్మయ్యకి తిరిగి ఇచ్చేయాలి. మోకాలి సంగతి కూడా డాక్టరమ్మకే చెప్పాలి.
3. మలం నల్లగా కనిపిస్తే పుండు నెత్తురు కారుతున్నట్టట, ఆ రోజే విజయనగరం.
4. శనివారం ఉపవాసం లేదు.
5. ఒక మనిషికి ఒక పుస్తకం.
6. కారం డబ్బా వంటింట్లోకి.
7. రేపు చేపల పులుసు. వడ్డించేది నేను. మొదటి ముక్క పద్మకుమారికి.