గోలీ గురించి నువ్వడిగిన ప్రశ్న

జడ్చర్ల,
శనివారం పొద్దున.

చిరంజీవి ప్రణీతకు మీ బాపు మనసారా దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. నువ్వు పోయేటప్పుడు నాటిన మల్లెతీగ కూడా బాగానే ఉంది, గోడ ఎక్కుతోంది. అక్కడ నీ చదువు, నీ నిద్ర, మీ హాస్టల్ సాంబారు ఎలా ఉన్నాయో మళ్లీ రాయి.

ఫోన్లో చెప్పొచ్చు కదా, ఉత్తరం ఎందుకని నవ్వుకుంటావు. మీ నర్సింగు కాలేజీవాళ్లు ఫోను ఇచ్చేదే ఆదివారం అరగంట. అందులో పాతిక నిమిషాలు మీ అమ్మవి. మిగిలిన ఐదు నిమిషాల్లో నేను "తిన్నవా బిడ్డా" అనేసరికి గంట కొడతారు. పైగా ఇప్పుడు చెప్పబోయేది మధ్యలో ఎవరూ మాట్లాడకుండా చెప్పాల్సిన మాట. ఎల్లుండి సోమవారం పొద్దున ఆరు గంటలకు, దవాఖాన తరఫున డాక్టరమ్మా నేనూ చేసే మా పాడ్‌కాస్ట్ బయటికి వెళ్తుంది. అందులో నా గురించి ఒక సంగతి ఉంది. అది విన్నాక జనం నా మాట మళ్లీ నమ్ముతారో లేదో నాకు తెలియదు. వాళ్లకంటే ముందు నీకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను; మధ్యాహ్నం బస్సు డ్రైవరు చేతికిస్తే సాయంత్రానికి నీకు అందుతుంది.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వరసగా నాలుగు అడిగావు. మూడు ఇప్పుడే చెప్పేస్తాను.

మీ అమ్మ మోకాలు నయం. దవాఖానవాళ్లు మార్కెట్ యార్డులో పొద్దున నడక మొదలుపెట్టారని రాశాను కదా, ఆమె రోజూ వెళ్తోంది. నడక అంటే నడకే అనుకునేవు. పదిమంది ఆడవాళ్లు కలిసి పది అడుగులు వేస్తారు, ఆగుతారు, ఎవరి కోడలు ఏమన్నదో తేల్చుకుని మళ్లీ పది అడుగులు వేస్తారు. అయినా గుణం కనిపించింది. "అరుణమ్మ మెట్లు ఎక్కుతాంది సూడు" అని పక్కింటివాళ్లే అంటున్నారు. ఉప్పు కొలుచుకోవడానికి దవాఖానవాళ్లు ఇంటికొక చిన్న చెంచా ఇచ్చారు. ఆ చెంచాతో మీ అమ్మ కూర వండిన మొదటి రోజు నేను మాట్లాడకుండా తిని లేచాను. ఇప్పుడు అలవాటైంది.

పాడ్‌కాస్ట్ మొదట్లో వినిపించే ఈల ఎవరిదని అడిగావు. నాదే! కండక్టరుగా ఇరవై తొమ్మిదేళ్లు బస్సులో ఊదిన ఈల. రిటైరైన రోజు డిపోలో ఇచ్చేద్దామంటే చెయ్యి రాలేదు. మన దవాఖాన డాక్టర్ కోమల దాన్ని చూసి, "భీమయ్య గారు, దీనితోనే మొదలువెడదాం" అన్నది. మక్తల్ దిక్కు కూలి చేసుకునే ఇంట్లో పుట్టి డాక్టరైన పిల్ల. అయినా మైకు ముందు కూర్చుంటే పుస్తకం మింగినట్టు మాట్లాడేది. నాకు ఈ పని ఎలా వచ్చిందో నీకు తెలుసు. ఓపీ వరసలో కూర్చుని ఆమె చెప్పిన రక్తపోటు పాఠాన్ని పక్కాయనకు మన మాటల్లో చెప్తుంటే, నా గొంతు రెండు గదులు దాటి ఆమె చెవిన పడింది. "మైకు లేకుంటనే గింత వినవడుతాంది, ఉంటే ఎట్లుంటదో" అని లోపలికి పిలిచింది. అప్పటినుంచి ఆమె చెప్తుంది, నేను అడుగుతాను. జనానికి రావాల్సిన పిచ్చి ప్రశ్నలన్నీ నాకే వస్తాయి. ఈ పనికి నాకు అంతకంటే అర్హత లేదు.

మూడోది, ఆమె చేస్తున్న పరిశోధన నిజమేనా అన్నావు. నిజమే. ఇరవై ఊళ్లలో బీపీ ఉన్నవాళ్లను ఏడాదిపాటు చూస్తున్నారు. పది ఊళ్లకు మా పాడ్‌కాస్ట్ వాట్సాప్‌లో వెళ్తుంది, పది ఊళ్లకు ఇంకా వెళ్లదు. వినేవాళ్లు గోలీలు మానకుండా వేసుకుంటున్నారా, వినడంవల్ల తేడా ఏమైనా ఉందా అని చూడటం. మన వీధిలో బీపీ ఉన్న నాలాంటివాళ్లూ ఆ జాబితాలోకి ఎక్కారు. నెలకొకసారి ఒక అమ్మాయి వచ్చి బీపీ చూసి, "గోలీ రోజూ వేసుకుంటున్నరా?" అని అడిగి రాసుకుని పోతుంది.

ఇక నీ నాలుగో ప్రశ్న. ఒక్క ముక్కే రాశావు. "బాపూ, నువ్వు గోలీ వేసుకుంటున్నవా?"

నువ్వు ఊరికే అడిగావో, అనుమానం వచ్చి అడిగావో తెలియదు. నర్సు చదువుతున్న పిల్లవు, వాసన పట్టి ఉంటావు.

మానేశాను బిడ్డా. దసరానాడు మొదలైంది. కల్లు తాగినరోజు గోలీ వేసుకోవద్దని మన దగ్గర అందరూ అంటారు కదా, నేనూ వేసుకోలేదు. కల్లు వదులుకుంటే సరిపోయేది, గోలీ వదులుకున్నాను. మర్నాడు మిగిలిన మటన్, మిగిలిన కల్లు. ఆ రోజూ లేదు. మూడోనాడు కల్లు లేదు గానీ, రెండు రోజులు వేసుకోకపోయినా ఏమీ కాలేదన్న ధైర్యం వచ్చింది. ఆ వారమే ఆ అమ్మాయి వచ్చి చూస్తే బీపీ మామూలుగానే ఉంది. అది అంతకుముందు మింగిన గోలీల పుణ్యమని నాకు తెలియదా? తెలుసు. మైకులో నేనే చెప్పాను, "బీపీ తగ్గింది గోలీవల్ల, గోలీ మానితే మళ్లీ వస్తది" అని. చెప్పినవాడినే మానేశాను. ఆమె "రోజూ వేసుకుంటున్నరా?" అంటే, పాడ్‌కాస్ట్ పెద్దమనిషిని కదా, "ఒక్కరోజు గూడ తప్పలే" అన్నాను. ఆమె రాసుకుంది. అలా మూడు నెలలు రాసుకుంది.

ఇది నాతో పోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

గుర్వమ్మ నీకు గుర్తుందా? మిడ్జిల్ రోడ్డు నుంచి ఆకుకూర గంప ఎత్తుకుని రోజూ నా బస్సు ఎక్కేది. నీకు చిన్నప్పుడు చుక్కకూర కట్టతోపాటు రేగుపళ్లు ఇచ్చేది. "భీమన్న ఎక్కుమంటే ఎక్కుత, దిగుమంటే దిగుత" అని బస్సులో అందరినీ నవ్వించేది. ఆమెకూ బీపీ. మా పాడ్‌కాస్ట్ ఒక్కటీ వదలదు, కోడలి ఫోనులో వింటుంది. కార్తీకంలో ఒక పెళ్లి దావత్‌లో నా పక్కనే కూర్చుంది. భోజనాలయ్యాక కొంగుముడి విప్పి గోలీ తీసింది. నన్ను చూసి, "నీది ఏదన్నా?" అన్నది. మైకు లేదు, డాక్టరమ్మ లేదు, చుట్టూ నలుగురు ఎరిగినవాళ్లు. నాకు గొప్ప పుట్టింది. "నేను ఎప్పుడో బంద్ చేసిన గుర్వమ్మక్కా. నడుస్తున్న, ఉప్పు తగ్గించిన. గిట్ల రాయిలెక్క ఉన్న, సూడు" అన్నాను. ఆమె గోలీని మళ్లీ కొంగున కట్టుకుంది. నేను చూశాను. చూసి కూడా ఏమీ అనలేదు.

ఆనాటినుంచి ఆమె గోలీ ముట్టలేదట. సంక్రాంతి అయిన వారానికి ఆమె చేతిలోంచి చెంబు జారింది. నవ్వితే మూతి ఒక పక్కకు పోయింది. కోడలు భయపడి కూర్చోలేదు. "మూతి, చెయ్యి, మాట, ఈ మూడింట్ల ఏది తేడా వచ్చినా గడియారం సూసుకో, బండి పిలువు" అని మేము చెప్పింది ఆ పిల్లకు నోటికి వచ్చు. వెంటనే 108కి చేసింది. గంటన్నరలో పెద్ద దవాఖానలో ఉన్నారు. మాట తిరిగి వచ్చింది. కుడిచెయ్యి కొంచెం కొంచెంగా వస్తోంది. ఇప్పుడు కొంగు చెక్కుకుంటుంది గానీ ఆకుకూర కట్టలు కట్టలేదు.

నేను చూడటానికి వెళ్లినప్పుడు ఆ కోడలు నా చేతులు పట్టుకుని, "నీ మాటనే మా అత్తను బతికిచ్చింది మామా" అని ఏడ్చింది. నాకు నేల చీలితే బాగుండు అనిపించింది. బతికించింది నా మాటే, పడేసిందీ నా మాటే. ఆ పిల్లకు ఒకటే తెలుసు. ఏడ్చాను. మీ అమ్మ పక్కనే ఉంది, గుర్వమ్మమీద ప్రేమతో ఏడుస్తున్నాననుకుంది. ఇంటికి వచ్చి ఆమెకు చెప్పాను. ఆమె తిట్టింది. తిట్టి, గోలీల డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, నీళ్లిచ్చి నిలబడింది.

మర్నాడు డాక్టర్ కోమలకు చెప్పాను. ఈ పని నాకు వద్దు, ఇంకొకరిని చూసుకోండి అన్నాను. ఆమె జాబితా తీసింది. "ముందు మీ పేరు పక్కన రాసింది దిద్దుదాం" అని దిద్దించింది. తర్వాత అన్నది: "అబద్ధం చెప్పింది మీరొక్కరే అనుకుంటున్నరా? గట్ల అడుగుడే మా తప్పు. పరీక్ష పెట్టినట్టు అడిగితే అందరు పాసైతరు." ఈ నెలనుంచి ఆ అమ్మాయి అడిగే ప్రశ్న మార్చారు. "చానమంది మర్చిపోతరు. ఈ వారంల మీరు ఎన్ని రోజులు మర్చిపోయిన్రు?" అని అడుగుతోంది. మన వీధిలోనే ఎంతమంది నోరు విప్పారో వింటే నువ్వు నమ్మవు. ప్రతి ఇంట్లో ఒక భీమయ్య ఉన్నాడు.

మైకులో చెప్తానని నేనే అన్నాను. ఆమె బలవంతపెట్టలేదు. అయితే అంతకంటే ముందు గుర్వమ్మకు చెప్పాలి కదా. వెళ్లాను. గడప దగ్గరే కూర్చున్నాను. మెల్లగా అంతా చెప్పాను. కోడలు కూడా వింది. ఆ పిల్ల లేచి లోపలికి వెళ్లిపోయింది, మళ్లీ బయటికి రాలేదు. గుర్వమ్మ ఎడమచేత్తో కుడిచెయ్యి ఒత్తుకుంటూ నా వైపు తిరిగింది. తర్వాత అన్నది:

"ఫోన్ల చెప్పేటప్పుడు మంచిగనే చెప్తవు గదనే. గా దావత్ కాడ ఏమైంది నీకు?"

గొప్పకు పోయానని ఒప్పుకున్నాను. మైకులో చెప్తానన్నాను.

"చెప్పు. అందరికి చెప్పు. నా పేరు గూడ చెప్పు. పేరు లేకుంటె కథ అనుకుంటరు" అన్నది.

నిన్న రికార్డు చేశాం. ఈల ఊదాను, ఆమె పేరు చెప్పాను, నా పేరు చెప్పాను. ఒక్కసారిలోనే అయిపోయింది. నన్ను వదిలేసేవాళ్లు వదిలేయనీ, గోలీని వదలకపోతే చాలు. నా నోటిమీద నాకు నమ్మకం పోలేదు బిడ్డా. అది మైకు ముందు ఒకలా, దావత్‌లో ఒకలా ఉండకూడదని తెలిసింది, అంతే. తెలిసినవాడికి భయం ఎందుకు?

ఇప్పుడు రోజూ ఏడింటికి గోలీ జేబులో వేసుకుని గుర్వమ్మ ఇంటికి వెళ్తున్నాను. ఆమెదీ నాదీ ఒకేసారి. మొదటి నాలుగు రోజులు కోడలు నాకు ముఖం చూపించలేదు. నిన్న రెండు గ్లాసుల నీళ్లు తెచ్చి అరుగుమీద పెట్టింది. మాట్లాడలేదు గానీ, రెండు పెట్టింది.

నీ నాలుగో ప్రశ్నకు జవాబు ఇది: నిన్న వేసుకున్నాను. ఈ రోజు వేసుకుని వచ్చే ఈ ఉత్తరం రాస్తున్నాను. రేపటి సంగతి రేపు అడుగు. ఆదివారం అరగంటలో మీ అమ్మకంటే ముందు నన్నే పిలిచి అడుగు.

ఇట్లు,
ఇకమీద నువ్వు అడిగినప్పుడల్లా నిజమే చెప్పే
మీ బాపు,
భీమయ్య.