దిబ్బ మీదికి దారి

అక్కకి,

ఫోను చేస్తే మాటకంటే ముందు ఏడుపొస్తుంది. అందుకే రాస్తున్నాను. నిన్న సభలో నువ్వు లేచి నిలబడగానే నా ప్రాణం కుదుటపడింది. పార్కులో పిల్లలు మట్టిలో, నీళ్లలో, చెట్ల మధ్య ఆడుకునే చోటు కోసం ఏడాదిగా గీసినదే గీస్తున్నాను. అడ్డుపడేవాళ్లు పడుతూనే ఉన్నారు. ఒకాయన మట్టిలో పురుగులుంటాయంటాడు, ఇంకొకావిడ నీళ్లుంటే దోమలొస్తాయంటుంది. పోనీలే, మా అక్క టీచరు, నా తరపున నాలుగు మాటలు చెబుతుంది అనుకున్నాను.

నువ్వేమన్నావు? "మా చెల్లెలు గీసింది ముచ్చటగానే ఉంది. మా అమ్మాయి ఇందులోకి ఎలా వెళ్తుందో మాత్రం చెప్పమనండి. దాని చక్రాల కుర్చీ ఆ దుంగల మెట్లెక్కదు, ఇసుకలో దిగబడిపోతుంది."

హాలంతా నా వైపు తిరిగింది. పార్కుల అధికారి ఇదే అదను అన్నట్టు, "అయితే రబ్బరు నేల వేసి రెండు జారుడుబల్లలు పెట్టేద్దాం, గొడవ వదులుతుంది" అన్నాడు. సభలో చూపించడానికి తెచ్చిన పార్కు మట్టి నమూనాని నేనొక్కదాన్నే మోసుకుంటూ బయటికొచ్చాను. నువ్వు బావతో ఏదో మాట్లాడుతూ నా వైపు చూడను కూడా లేదు.

పరాయివాళ్లంటే పడతాను. నువ్వు నా తోడబుట్టినదానివి. నీ కూతురు, మన పిచ్చుక, నా పక్కన కూర్చుని మట్టి పిసికి ఆ నమూనాలో దిబ్బని చేసిందని నీకు తెలుసు. ఇంట్లో చెంప పగలగొట్టినా ఊరుకునేదాన్ని. నమ్మినదాన్ని నలుగురిలో ఇలా దెబ్బ కొడతావా? ఇక మీ గడప తొక్కను.

ఇంకేం రాయాలో తెలియని
నీ చెల్లెలు

*

నా బంగారు చెల్లికి,

ఇంట్లోనే అనొచ్చు కదా అంటున్నావు. అన్నాను. మొదటిసారి "అది రెండో విడతలో చూద్దామక్కా" అన్నావు. తర్వాతిసారి అడుగుతుంటే నీకు ఫోనొచ్చింది, మాట్లాడుకుంటూ అలాగే వెళ్లిపోయావు.

అయినా ఊరుకునేదాన్నే. నమూనా మీద పెట్టడానికి పిచ్చుక మట్టితో పిల్లల బొమ్మలు చేసింది చూడు, అవి తన క్లాసువాళ్లే. ఒకణ్ని దిబ్బ మీద నిలబెట్టింది, ఇద్దర్ని కాలవ పక్కన కూర్చోబెట్టింది. నువ్వెంత మెచ్చుకున్నావో! నువ్వెళ్లాక అడిగాను, "మరి నీ బొమ్మేదే?" అని. కంచె అవతల బెంచీ మీదున్న బొమ్మని చూపించింది. "నేనిక్కడ కూర్చుని చూస్తాను. పిన్ని భలే చేసింది కదమ్మా" అంది. దానికి కోపం కూడా రాలేదే! కోపమొస్తే ఊరడించేదాన్ని.

నలుగురిలో అనకుండా ఉండాల్సింది. సభ రోజు పొద్దున వచ్చి నీ తలుపు కొట్టాల్సింది. మళ్లీ రెండో విడత అంటావేమోనని రాలేదు. నీకు కాస్త తగలాలన్న కసి కూడా ఉంది, లేదని అబద్ధమాడను. నమ్మినదాన్ని దెబ్బ కొట్టానన్నావు. నా కూతురు నిన్ను నమ్మలేదా?

అక్క

*

అక్కా,

నీ ఉత్తరం చదివి నమూనా మీద కప్పిన గుడ్డ తీశాను. బెంచీ మీద బొమ్మ ఉంది. పిల్లల్ని కనిపెట్టుకుని కూర్చున్న అమ్మ అనుకున్నాను ఇన్నాళ్లూ. బెంచీ కొలత సరిగ్గా కుదిరిందని మురిసిపోయాను కూడా.

దిబ్బ ఎత్తు తగ్గించాను. పక్కలు సాగదీసి, చుట్టూ తిరుగుతూ పైదాకా వెళ్లే గట్టి దారి గీశాను. కాలవలోకి నీళ్లు కొట్టే చేతిపంపుని కుర్చీలోంచి అందేలా కిందికి దించాను. కాళ్లావేళ్లా పడితే, వచ్చే సభదాకా ఆగుతానన్నాడు పార్కుల అధికారి. వాలు ఎంతుండాలో పుస్తకాల్లో ఉంది కానీ, పిచ్చుక చేతుల సత్తువ పుస్తకాలకేం తెలుసు? అందుకని ఆదివారం పార్కులో మట్టి పోయించి ఒక వాలు చేయిస్తున్నాను. పాత బట్టలు వేసి పిచ్చుకని పంపించు. వాలు బాగోలేదని అదంటే అక్కడికక్కడే చెరిపేస్తాను.

నీ మీద కోపం పోలేదు. ఆ హాల్లో నన్ను ఒంటరిదాన్ని చేసి వెళ్లిపోయావు. అది మర్చిపోతానని మాటివ్వలేను. బావతో పంపించు అని రాయబోయాను. కానీ ఎక్కుతూ ఎక్కుతూ కుర్చీ వెనక్కి జారితే, అది ముందు నిన్నే పిలుస్తుంది.

నువ్వే రా.

నీ చెల్లెలు